పద్నాలుగో చప్పుడు

మా కాలనీ లైబ్రరీలో పొద్దుగాల ముసలోళ్ళకు అక్షరాలు నేర్పుతరు. యాభై తొమ్మిదేండ్లకు నేను అక్కడ్నే పలక పట్టిన. మొన్న మా టీచరమ్మ అందరికీ ఒక పని అప్పజెప్పింది. మీ బతుకులో ఎవరినన్న మాఫ్ చేసిన ముచ్చట, జరిగింది జరిగినట్టు రాసుకొచ్చి చదవాలె అన్నది. అందరూ తెచ్చిండ్రు. ఒకామె కోడల్ని మాఫ్ చేసింది, ఇంకొకాయన అన్నను మాఫ్ చేసిండు. అన్నీ విన్న. ప్రతి ముచ్చటలో మాఫ్ చేసినోల్లు బంగారం, తప్పు చేసినోల్లు మాత్రం మట్టి. నాకు నమ్మబుద్ధి కాలేదు, మొహం మీదనే అన్న. టీచరమ్మ నవ్వి, అయితే నీది నువ్వు రాయి, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలకు చదవనీకి ఇస్త అన్నది. అందుకే రాస్తున్న. నా ముచ్చటలో నేను బంగారం కాదు, ముందే చెప్తున్న.

తొంభైల ఆఖరు సంగతి ఇది. మాది నానక్‌రామ్‌గూడ. అప్పట్లో అది ఊరే. పొద్దున్నే సద్ది కట్టుకొని మాదాపూర్ దిక్కు నడుసుకుంట పోయేటోల్లం. మీరిప్పుడు లిఫ్టులో పైకి పోయే జాగలో అప్పుడు గుట్టలు, సీతాఫలం చెట్లు, ముళ్ళకంపలు ఉండె. ఒక పెద్ద బిల్డింగ్ లేస్తుండె. దాని పక్కన ఇంకొకటి లేవాలంటే గుట్ట పోవాలె. ఆ గుట్టను పోగొట్టేది మేము.

ఆ పని ఎట్లుండేదో ఒక్కసారి చెప్తే గానీ మిగతాది మీకు అర్థం కాదు. కంప్రెషర్ ట్రాక్టర్ పెట్టి రాతికి బొక్కలు కొడతరు. మేస్త్రి ఒక్కొక్క బొక్కలో పేలుడు మందు పెట్టి, వత్తి బయటికి వదిలి, మట్టితో గట్టిగ కూరుతడు. మందు ముట్టే లైసెన్సు ఆయన ఒక్కనికే ఉండె. ఎర్రజెండాలు పట్టుకొని జనాన్ని దూరం కొట్టినంక, ఆయన ఒక్కొక్క వత్తి ముట్టించుకుంట వచ్చి, ఆఖరుది ముట్టించి ఉరుకుతడు. అరవై ఏండ్ల మనిషి పంచె ఎగ్గట్టి రాళ్ళ మీదికెళ్ళి ఉరుకుతుంటే మాకు నవ్వు వచ్చేది, పానం బిగబట్టుకునేది, రెండూ ఒక్కసారే. ఇగ ఒకటెనక ఒకటి లేస్తయి. అబ్బ, ఆ సంబురం ఎట్ల చెప్పాలె మీకు! చప్పుడు చెవికంటే ముందు అరికాలికి తెలుస్తది. అక్కడ్నుంచి మోకాలు, కడుపు, పండ్ల దాక వస్తది. ఏనుగంత రాయి గాలిలోకి లేచి, జర ఆలోచన చేసుకున్నట్టు ఆగి, పడతది. నేను పదేండ్లు చూసిన. ఒక్క రోజన్న నాకు విసుగు రాలేదు.

పేలుతున్నప్పుడు ఒక మనిషి లెక్క పట్టాలె. ఎన్ని బొక్కల్లో మందు పెడితే అన్ని గులకరాళ్ళు చేతిలో పట్టుకుంటడు. ఒక్క చప్పుడు, ఒక్క రాయి కింద పడెయ్యాలె. చెయ్యి ఖాళీ అయితే పొడుగ్గ ఈల ఊదుతడు. అప్పుడు మేము తట్టలు, గడ్డపారలు పట్టుకొని పోతం. చేతిలో ఒక్క రాయి మిగిలినా ఊదొద్దు. మందు ఇంకా రాతి లోపల ఉన్నట్టు. ఈ పనికి చదువు అక్కర్లేదు. చెవులు కావాలె.

ఆ లెక్క పట్టేటాయన రాయలసీమ మనిషి. బండలు కొట్టే ఊరి నుంచి పెండ్లాన్ని తీసుకొని వచ్చి, సైటు పక్కన గుడిసె వేసుకున్నడు. ముప్పై ఏండ్లుంటయి. అందరం సీమ తమ్ముడు అనేటోల్లం. ఆయన మాటను మా కంప్రెషర్ ఆయన ఎక్కిరిచ్చేటోడు. బొక్కలు కొట్టే ఆ మనిషికి నోరు కంప్రెషర్ కంటే ఎక్కువ నడుస్తది. సీమ తమ్ముడు గూడ నవ్వేటోడు. మంచి చెవి ఉండె, మంచి మనసు ఉండె. లేనిది ఒక్కటే, ఎదురు చెప్పే ధైర్యం. ఎదుటోడు గట్టిగ మాట్లాడితే తన మాట మింగేటోడు.

ఒకరోజు పదకొండు బొక్కలు. చప్పుళ్ళు ఆగినయి. సీమ తమ్ముని చేతిలో ఒక రాయి మిగిలింది. పక్కన సూపర్‌వైజర్ ఉన్నడు, కొత్తగ వచ్చిన ఇంజనీరు పిల్లగాడు. పదకొండు అయినయి, నేను విన్న, ఊదు అన్నడు. కంప్రెషర్ ఆయన గూడ అయినయి అన్నడు. సీమ తమ్ముడు చేతిలో రాయిని చూసిండు, వాళ్ళ మొహాలు చూసిండు. రాయిని కింద పడేసి ఈల ఊదిండు.

అందరికంటే ముందు పోయేది నేనే. తొందర నా పుట్టుగుణం. ఆ పేలని బొక్కలో వత్తి లోపల్లోపలే కాలుతున్నదని ఎవరికి తెలుసు? ఆగి ఆగి, నేను పది అడుగుల దూరంలో ఉన్నప్పుడు పేలింది. మధ్యల ఒక పెద్ద రాతిగుండు అడ్డం ఉండబట్టి బతికిన. ఎడమ కనుబొమ్మ చీలింది. ఎడమ చెవిలోంచి నెత్తురు వచ్చింది.

దవాఖానకు వచ్చిండు సీమ తమ్ముడు. లోపలికి రాకుండ తలుపు కాడనే నిలబడి ఉన్నదంతా చెప్పిండు.

"ఒగ రాయి మిగిలిండె అక్కా. తెలిసే పారేస్తి. అందరూ అయిపాయె అంటాంటే నాకు నోరు పెగలలా."

లెక్క తప్పిన అని అబద్ధం చెప్పినా నేను ఊకుందునేమో. తెలిసి ఊదిండు కదా. నా ముందర నిలబడకు, పో అన్న. పోయిండు.

ఇరవై రోజులకు మళ్ళ పనికి పోయిన. మేస్త్రి నన్ను పిలిచి, లెక్క నువ్వు పడతవా అని అడిగిండు. దెబ్బ తిన్న మనిషి కన్నా జాగ్రత్తగ ఎవరుంటరని ఆయన ఆలోచన. ఈల నా మెడలోకి వచ్చింది, తట్ట సీమ తమ్ముని నెత్తి మీదికి పోయింది. ఇన్నేండ్లల్ల ఎవ్వరికీ చెప్పని మాట ఒకటి చెప్తున్న. ఆయన తప్పుతో నాకు ప్రమోషన్ వచ్చింది. నెత్తి మీద బరువు లేదు, గుండు నీడలో నిలబడుడు, నేను ఊదితే యాభై మంది కదులుడు. మీ ఆఫీసుల్లో అయితే దానికి ఒక గది ఇస్తరు.

మరి కోపం చల్లారితే ఎట్ల? కోపం ఉంటేనే ఈల నాది. అందుకే దాన్ని రోజూ ఎగదోసుకున్న. ఈల ఊదినంక ఖాళీ చేతిని సీమ తమ్ముని దిక్కు చాపి, చూసినవా, ఒక్కటి మిగల్లేదు అని అందరూ వినేటట్టు అనేదాన్ని. అందరూ నవ్వేటోల్లు. ఆయన తట్ట సర్దుకొని తల వంచుకునేటోడు. కొత్త కూలీలు వస్తే కనుబొమ్మ మీది మచ్చ చూపెట్టి, ఎవరు చేసిండ్రో వేలు పెట్టి చూపెట్టేదాన్ని. ఆయన పెండ్లాం, అప్పటికి కడుపుతో ఉన్నది, ఒకనాడు గిన్నెలో సంగటి, పల్లీల పచ్చడి పెట్టుకొని నా కాడికి వచ్చింది. మూత తీయకుండనే తిప్పి పంపిన. ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండు.

ఇంకొక ముచ్చట దాచిన. కనుబొమ్మ మానింది గానీ ఎడమ చెవి మానలేదు. ఒక్క ముక్క వినబడదు. ఇంట్లో చెప్పలేదు, సైటులో చెప్పలేదు. చెప్తే ఈల పోతది. ఒక్క చెవి చాలదా చప్పుళ్ళకు అనుకున్న. చాలింది కూడా, ఆర్నెల్లు.

ఇగ అసలు రోజుకు వస్త.

ఆ రోజు పద్నాలుగు బొక్కలు. తెల్లారితే ఎవరో పెద్దోళ్ళు జాగ చూడ వస్తున్నరు. పొద్దు గుంకకముందే రాళ్ళన్నీ ఎత్తి చదును చెయ్యాలని సూపర్‌వైజర్ కాలు ఒక్క కాడ నిలుస్తలేదు. లారీలు రోడ్డు పొడుగునా వరస పెట్టి ఉన్నయి. పక్క బిల్డింగ్ గోడ నాలుగంతస్తులు లేచింది. అంతకుముందు మా చప్పుడు లోయలోకి పోయి సచ్చేది. ఇప్పుడు ఆ గోడకు కొట్టుకొని తిరిగొస్తున్నది. రెండు చెవులున్నోనికి ఏది అసలు, ఏది గోడ నుంచి వచ్చిందో దిక్కును బట్టి తెలుస్తది. నాకు అన్నీ ఒక్క దిక్కు నుంచే వస్తున్నయి. నాలుగు రోజుల సంది నాకు ఆ భయం ఉండనే ఉన్నది. ఎవ్వరికీ చెప్పలేదు.

మేస్త్రి వత్తులు ముట్టించి ఉరికిండు. నేను పద్నాలుగు రాళ్ళు పిడికిట్ల పట్టుకొని కండ్లు మూసుకున్న. దడ్. ఒక రాయి పడేసిన. దడ్. ఇంకొకటి. దుమ్ము లేచింది, గుట్ట ఊగింది, లోపల నా గుండె ఆట ఆడుతున్నది. పది. పదకొండు. పన్నెండు. పదమూడు. కొంచెం ఆగి, ఇంకొక చప్పుడు. మెత్తగ. గుట్టదా, గోడదా? నా బుద్ధి తేల్చుకోకముందే చెయ్యి తెరుచుకుంది. రాయి పడిపోయింది.

ఈల నోట్లో పెట్టుకున్న. అప్పుడు కింద తట్టల వాళ్ళ నడిమి నుంచి ఒక గొంతు లేచింది.

"ఊదొద్దక్కా. పదమూడే. ఒగటి లోపలుండాది."

సీమ తమ్ముడు. తట్ట కింద పెట్టి నిలబడ్డడు. చుట్టూ నవ్వులు లేచినయి. కంప్రెషర్ ఆయన, అగో లెక్కల సారు లేచిండు, ఇగ మనందరికీ పరీక్షలే అన్నడు. సూపర్‌వైజర్ ఉరికొచ్చి, నీకు చెప్పింది మోసే పని, ఆమె చెయ్యి ఖాళీగ ఉన్నది కనబడ్తలేదా, నోరు మూసుకోకపోతే గుడిసె పీకి పంపిస్త అని అరిచిండు. గుడిసె పోతే ఆ కడుపుతో ఉన్న పిల్లను యాడికి తీసుకపోతడు? అయినా కూసోలేదు.

"పంపించేయండి సారు. రేపే పోతా. ఈపొద్దు మాత్రం ఎవర్నీ లోపలికి పోనీయొద్దండి."

సూపర్‌వైజర్ నా దిక్కు తిరిగిండు. అమ్మా, నువ్వు చెప్పు, పద్నాలుగు అయినయా లేదా అన్నడు. యాభై మొహాలు నా దిక్కు తిరిగినయి.

ఆర్నెల్ల సంది నేను మనసులో ఆయనను అడిగిన మాట ఒక్కటే. నోరు ఎందుకు పెగలలేదు? ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. అయినయి అంటే చాలు. ఈల నాదే, మంచిపేరు నాదే, సీమ తమ్ముడు రేపు మూట కట్టుకుంటడు. లోపల నిజంగ మందు ఉంటే, నేను ఈల పట్టినంక నా జాగలో ముందుగాల పోయేది కంప్రెషర్ ఆయన. ఇంకా పండ్లు బయటపెట్టుకొని నవ్వుతనే ఉన్నడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. ఈల నోట్లోంచి తీసిన.

"నాకు గూడ అనుమానమే సారు" అన్న.

మేస్త్రి ఇంకొక మాట విననేలేదు. దూరంగ పోయి ఒక రాతి మీద కూసొని బీడీ ముట్టించిండు. రేపు పొద్దుగాల దాక ఎవ్వడూ పోడు అన్నడు. సూపర్‌వైజర్ చేతులు ఊపుకుంట లారీలు, పెద్దోళ్ళు, తన నౌకరి, అన్నీ చెప్పిండు. అంత తొందరైతే నువ్వు పో సారు, నేను ఈడ్నుంచి చూస్త అన్నడు మేస్త్రి. సూపర్‌వైజర్ గుట్ట దిక్కు చూసిండు. పోలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందో లేదో మీరే అనుకోండి.

పొద్దుగాల మేస్త్రి ఒక్కడే పోయిండు. మేము గుండు చాటున నిలబడి ఆయన తలపాగ కనబడుడు, మునుగుడు చూస్తున్నం. ఎంతసేపు పట్టిందో. తిరిగొచ్చి, మొహం మీద ఏ గీతా కదలకుండ చెప్పిండు. పద్నాలుగూ పేలినయి. ఒక కాడ పక్కపక్కవి రెండు ఒక్కసారే పేలినయి, రాయి చీలిన తీరు చూస్తే తెలుస్తున్నది, రెంటికీ ఒక్కటే చప్పుడు వచ్చి ఉంటది అన్నడు.

అంటే సీమ తమ్ముడు తప్పు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. సూపర్‌వైజర్ మళ్ళ లేచిండు. గుడిసె ఇప్పుడే ఖాళీ చెయ్యి అన్నడు. మేస్త్రి మాత్రం వాళ్ళ దిక్కు చూస్తలేడు, నా దిక్కు చూస్తున్నడు.

"రెండు కలిసి పేలితే నీకు గూడ పదమూడే వినబడాలె కదా. ఆ పద్నాలుగో చప్పుడు యాడ్నుంచి తెచ్చినవమ్మా?"

నేను పక్క బిల్డింగ్ గోడ దిక్కు చూసిన. అంత పొడుగు గోడ, ఒక్క కిటికీ కూడా లేకుండ, నన్నే చూస్తున్నట్టుండె. పద్నాలుగు అన్న జవాబు సరిపోయింది, లెక్క మాత్రం తప్పు. సీమ తమ్ముడూ తప్పే, నేనూ తప్పే. తేడా ఏందంటే ఆయనది మనుషులను ఆపిన తప్పు, నాది మనుషులను పంపబోయిన తప్పు.

ఆయనను పంపితే నన్నూ పంపు సారు అని మొదలుపెట్టిన. ఇగ ఆగలేదు. నేను గోడ చప్పుడును లెక్కపెట్టిన అన్న. నా ఎడమ చెవి పోయి ఆర్నెల్లయింది, మీ అందరి పానాలు ఒక్క చెవితో లెక్కపెడుతున్న అన్న. అన్నంక చూసిన, ఎవరి మొహం మీదా నవ్వు లేదు.

కంప్రెషర్ ఆయన తలకు కట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నడు. ఆర్నెల్లా అక్కా అన్నడు. అవునన్న. ఆర్నెల్ల సంది నీ ఈల విని ముందుగాల పోతున్నది నేను అన్నడు. తువ్వాలను రెండు మడతలు పెట్టి, సరే తియ్, ఇప్పటికన్న చెప్పినవ్ అన్నడు. అంత నోరున్న మనిషి ఆ రోజంతా ఇంకొక మాట మాట్లాడలేదు.

సీమ తమ్ముడు మాత్రం నేను అనుకోని మాట అడిగిండు.

"చెవి పోయిండాదా అక్కా? మొత్తమా?"

ఆయనకు తెలియదు కదా. మచ్చ ఒక్కటే అనుకుంటున్నడు ఇన్నాళ్ళు. ఆయన్ను కాపాడుదామని నోరు తెరిస్తే, ఆయన చేసింది ఎంతదో ఆయనకు నేనే చూపెట్టినట్టయింది. అక్కడ్నే రాళ్ళల్ల కూలబడి ఏడ్చిండు. ఈ మనిషి ఏడుస్తే చూడాలని నేను ఆర్నెల్లు ఎదురుచూసిన. చూసిన. ఏం రుచి లేదు పిల్లలూ.

పక్కన కూసున్న. తమ్మీ, నీ తప్పు ఒక్క నిమిషంది, నాది ఆర్నెల్లది, ఈల పోతదని నిన్ను తొక్కిపెట్టిన అన్న. ఆయన కండ్లు తుడుచుకొని, లెక్కలొద్దక్కా, మన లెక్కలు చూస్తిమి కదా అన్నడు. ఏడుపులోనే ఇద్దరికీ నవ్వు వచ్చింది.

"నన్ను ఇడిసిపెడితివా లేదా, అది చెప్పు."

"విడిచిపెట్టిన. మరి నువ్వు?"

"నాకేముండాదక్కా ఇడిసిపెట్టేదానికి?"

"ఆర్నెల్లు అందరి ముంగట చెయ్యి చాపి ఎగతాళి చేసిన. నీ పెండ్లాం తెచ్చిన గిన్నె తిప్పి పంపిన. దానికి."

జర ఆలోచించిండు. అబద్ధం ఆడే మనిషి కాదు.

"దానికి రొంత టయిం ఇయ్యక్కా" అన్నడు.

ఇచ్చిన. నేను ఆర్నెల్లు తీసుకోలేదా?

పెద్దోళ్ళు మధ్యాహ్నం వచ్చిండ్రు. ఎత్తని రాళ్ళ ముందర నిలబడి ఫొటోలు దిగిండ్రు, గుట్ట మస్తు అందంగ ఉన్నదన్నరు, పోయిండ్రు. సూపర్‌వైజర్ మొహం చూడాలె. గుడిసె ముచ్చట మళ్ళ ఎత్తలేదు. మేస్త్రి మాత్రం ఒక కొత్త పద్ధతి పెట్టిండు. ఇకనుంచి లెక్క ఇద్దరు పట్టాలె. ఇద్దరి లెక్క కలిస్తేనే ఈల. కలవకపోతే, ఎవరు తప్పు అని అడుగుడు లేదు, తెల్లారేదాక ఎవ్వడూ పోడు.

టీచరమ్మా, మాఫ్ చేసుడంటే ఏడ్చుకొని కౌగిలించుకునుడు అని మన బడిలో అందరూ రాసిండ్రు. నాకు తెలిసింది వేరే. మనిషి ఏ పనిలో తప్పు చేసిండో ఆ పనే మళ్ళ వాని చేతిలో పెట్టాలె. వాడు మళ్ళ తప్పు చెప్పొచ్చు అని తెలిసే పెట్టాలె. ఇంట్లో కూడు పెట్టుడు, పండుగకు పిలుసుడు సులువు. అది నేనూ చేద్దును. ఈల ఇచ్చుడే కష్టం.

మూడు రోజుల తర్వాత తొమ్మిది బొక్కలు. సీమ తమ్ముడు వచ్చి నాకు కుడి పక్కన, మర్యాదగ, జర ఎడంగ నిలబడ్డడు. అటు కాదు, ఇటు రా అన్న. ఎడమ పక్కకు రా, ఈ దిక్కు నాకేం వినబడదు, ఇది నువ్వు విను అన్న. వచ్చి నిలబడ్డడు. మేస్త్రి పంచె ఎగ్గట్టి ఉరికిండు. దడ్ అన్నది గుట్ట, ఇద్దరి చేతుల్లోంచి రెండు రాళ్ళు పడ్డయి. చప్పుడు చప్పుడుకు అట్లనే పడ్డయి. ఒకసారి గోడ చప్పుడు తిరిగొచ్చింది. నా చెయ్యి తెరుచుకోబోయింది, ఆయన తల అడ్డం ఊపిండు, మూసిన.

ఆఖరు చప్పుడుకు తొమ్మిది అని ఇద్దరం ఒక్కసారే అన్నం. మెడలోంచి ఈల తీసి ఆయన చేతిలో పెట్టిన. ఊదే ముందు నా మొహం చూసిండు. నేను మొహం తిప్పుకోలేదు.

పొడుగ్గ ఊదిండు. కంప్రెషర్ ఆయన తువ్వాల బిగించి కట్టుకొని, మా దిక్కు ఒక్కసారి కూడా చూడకుండ, అందరికంటే ముందుగాల దుమ్ములోకి పోయిండు.